వార్షిక నివేదిక 2024–25: ఇంటర్ దాటిన పిల్లల కోసం మన సంఘం చేసిన పని

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారం. 2024 జూన్ నుంచి 2025 మే వరకు మన సంఘం చేసిన పనుల నివేదికను మీ ముందు ఉంచుతున్నాను. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, వాటిని మళ్లీ ఏకరువు పెట్టను. కావలి పట్టణంలోనూ, జలదంకి, కలిగిరి, కొండాపురం, వింజమూరు వైపు పల్లెల్లోనూ పదో తరగతి, ఇంటర్ ముగించిన పిల్లలకు ఆ తర్వాతి దారి చూపడానికి ఈ ఏడాది చేసినంత పని మునుపెన్నడూ చేయలేదు. ఎవరి వల్ల జరిగిందో, ఎవరు వస్తామని రాలేదో, రెండూ ఇందులో ఉంటాయి. సమావేశం నియమావళి ప్రకారం నివేదిక రాయాలి కాబట్టి రాస్తున్నాను గానీ, నిజం చెప్పాలంటే కొందరి పేరు చరిత్రలో నిలవాలని కూడా రాస్తున్నాను.

ముందుగా కృతజ్ఞతలు. చివర పెడితే భోజనాల హడావుడిలో ఎవరూ వినడం లేదు. ట్రంకు రోడ్డు పక్కనున్న తమ కల్యాణ మండపాన్ని పెళ్లిళ్ల నెలలో కూడా మన పత్రాల పరిశీలన కోసం ఒక ఆదివారం అద్దె లేకుండా ఇచ్చిన యజమానికి, షామియానా, కుర్చీలు పంపి ఆటో కిరాయి మాత్రమే తీసుకున్న టెంటు హౌస్ వారికి, కాపీలు సగం ధరకే తీసి, కరెంటు పోయినప్పుడు తన ఇన్వర్టరు మీద మన ప్రింటరును కూడా నడిపించిన జెరాక్సు దుకాణదారుకు, మజ్జిగ దాత కుటుంబానికి (పేరు వేయవద్దన్నారు, వేయడం లేదు), వార్త చిన్నదే అయినా జిల్లా పేజీలో వేసిన విలేకరులకు సంఘం తరఫున ధన్యవాదాలు. విశ్రాంత లెక్కల మాస్టారు గారిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. డెబ్బై దాటిన మనిషి. కంటి ఆపరేషన్ చేయించుకుని, నల్ల కళ్లద్దాలతోనే వచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు. ఇంట్లో వారికి చెప్పకుండా వచ్చారని తర్వాత తెలిసింది.

గత జూలైలో ఇంజినీరింగ్, అగ్రికల్చర్, ఫార్మసీ ప్రవేశాల ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలవగానే మన కార్యాలయంలో సహాయ కేంద్రం తెరిచాం. ప్రాసెసింగ్ ఫీజు ఓసీ, బీసీలకు 1,200 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 600. అది కట్టడం, పత్రాల పరిశీలన, ఆప్షన్లు (కావలసిన కళాశాలలు, కోర్సుల వరుస) పెట్టడం అన్నీ ఆన్‌లైనే కదా, మన అవసరం ఏముంటుందని కార్యవర్గంలోనే ఒకరిద్దరు అన్నారు. కేంద్రం తెరిచిన మొదటి రోజే జవాబు దొరికింది. ఒక పిల్లవాడి దరఖాస్తును బస్టాండు దగ్గరి నెట్ సెంటరులో నింపారు. ఫోను నంబరు అడిగిన చోట నెట్ సెంటరు వాడు తన నంబరే ఇచ్చాడు. పాస్‌వర్డు కూడా వాడే పెట్టాడు. ఇక ఓటీపీ వాడి ఫోనుకు వెళుతుంది, ఆప్షన్లు మార్చాలంటే వాడి దుకాణం తెరిచే దాకా ఆగాలి. తండ్రేమో చెన్నైలో మేస్త్రీ పని, తల్లికి బటన్ల ఫోను. ఆ తర్వాత కేంద్రానికి వచ్చిన ప్రతి ఒక్కరినీ మేం మొదట అడిగిన ప్రశ్న ర్యాంకు గురించి కాదు, ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తోందని. ఇలాంటివి ఎన్ని బయటపడ్డాయో చెబితే మీరు నమ్మరు.

డిగ్రీలో చేరే పిల్లల సంగతి ఇంకా దారుణం. 2020 నుంచి డిగ్రీ ప్రవేశాలు కూడా ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ పద్ధతిలోనే సాగుతున్నాయి. కళాశాల ప్రతినిధి ఊళ్లోకి వచ్చి, ‘మేం చూసుకుంటాం తల్లీ’ అని పత్రాలు తీసుకెళ్లి, తమ కళాశాల ఒక్కటే ఆప్షన్‌గా పెట్టి వచ్చేస్తున్నాడు. 2023–24 నుంచి ఒకే మేజర్ (ప్రధాన సబ్జెక్టు) పద్ధతి వచ్చాక ఏ సబ్జెక్టు మేజర్‌గా తీసుకున్నామన్నది పీజీ దాకా వెంటాడుతుంది. తాను ఏ మేజర్‌లో చేరిందో తరగతులు మొదలయ్యాక తెలుసుకున్న అమ్మాయిని నేనే చూశాను. మా కాలంలో కోర్సులు తక్కువ, గందరగోళమూ తక్కువ. కావలి వారికి జవహర్ భారతి కళాశాల, డిగ్రీ పట్టా మీద తిరుపతి విశ్వవిద్యాలయం ముద్ర, అంతే. 2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వచ్చాక, అది ఉన్న కాకుటూరు మనకు తిరుపతి కంటే దగ్గరైంది. ఒంగోలు వైపు వారికి 2022లో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం ఏర్పడింది. విశ్వవిద్యాలయాలు దగ్గరికి వచ్చినా దరఖాస్తు మాత్రం పిల్లలకు దూరంగానే ఉంది.

ప్రవేశాల్లో స్థానికత గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఏడాది పొడవునా ఎక్కువ ఫోన్లు దీని మీదే వచ్చాయి. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి. మన నెల్లూరు జిల్లా శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతంలో ఉంది, ప్రకాశం జిల్లా ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతంలో ఉంది. 2022 ఏప్రిల్‌లో కందుకూరు మన జిల్లాలో కలిసింది గానీ, ప్రవేశాల్లో పాత ఉమ్మడి జిల్లా లెక్కే నడుస్తోంది. కావలి దాటి ఉలవపాడు వెళితే బస్సు టికెట్టు ఎంతో గానీ, స్థానిక ప్రాంతం మాత్రం మారిపోతుంది! అంతకంటే ముఖ్యమైనది హైదరాబాదు వ్యవహారం. ఇంటర్‌తో కలిపి చివరి నాలుగేళ్లు వరుసగా ఎక్కడ చదివారన్నది ముందు చూస్తారు, అలా కుదరకపోతే ఏడేళ్ల చదువు లెక్కలోకి వస్తుంది. మన వాళ్లు తొమ్మిదో తరగతిలోనే పిల్లల్ని హైదరాబాదు హాస్టళ్లలో పడేసి గర్వంగా తిరిగొస్తున్నారు. విభజన చట్టం ప్రకారం పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో తీరిపోయింది. నాలుగేళ్లు అక్కడే చదివిన పిల్లవాడు ఇక్కడ స్థానికుడు కాడు. తల్లిదండ్రులు పదేళ్లు ఈ రాష్ట్రంలో నివసించినట్టు ధ్రువపత్రం తెచ్చి మిగతా 15 శాతంలో పోటీ పడాలి. ఈ విషయం చెబితే ఒక పెద్దమనిషి నా మీదే కోప్పడ్డారు, రాష్ట్రపతి ఉత్తర్వు నేను రాసినట్టు.

ఇంకొకటి. ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. 160 ప్రశ్నలు, తప్పు జవాబుకు మార్కు కోత లేదు, ఖాళీగా వదలకండి అని చెబితే పిల్లలు ఠక్కున వింటారు. ఇంటర్ మార్కులూ కలుస్తాయి, గ్రూపు సబ్జెక్టుల్లో ఓసీలకు 45 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం లేకపోతే ర్యాంకు వచ్చినా సీటు రాదని చెబితే మాత్రం తలలు దించుకుంటారు. నవంబరులో మాస్టారు గారు మూడు జూనియర్ కళాశాలల్లో ఈ సంగతి చెప్పి వచ్చారు. నాలుగో చోట ప్రార్థన సమయంలో ఐదు నిమిషాలు ఇస్తామన్నారు, ఎండలో నిలబెట్టి వినిపించడం ఇష్టం లేక ఆయన వెనక్కి వచ్చేశారు.

పత్రాల ఆదివారం

ఇక ఈ సంవత్సరం మన సంఘానికి గర్వకారణమైన రోజు. మే నెల రెండో ఆదివారం, కత్తిరి ఎండల్లో, కల్యాణ మండపంలో మనం జరిపిన పత్రాల పరిశీలన. ఇలాంటిది జిల్లాలో ఇంకెవరైనా చేశారేమో నాకు తెలియదు, చేసి ఉంటే వారికీ నా నమస్కారం. ప్రతి ఏటా పెట్టే కెరీర్ సదస్సు వద్దు, వేదిక వద్దు, పూలదండలు వద్దు, ఉపన్యాసాలు అసలే వద్దు అని కార్యవర్గంలో పట్టుబట్టి సాధించిన కార్యక్రమం ఇది. పిల్లలు, తల్లిదండ్రులు తమ దగ్గరున్న పత్రాలన్నీ తెచ్చి బల్ల మీద పరిస్తే, కౌన్సెలింగ్‌లో అధికారులు ఎలా చూస్తారో అలాగే చూసి, లోపం ఉంటే ఇప్పుడే చెప్పడం, అంతే. ఈఏపీసెట్ 19వ తేదీ నుంచి మొదలవుతుంటే పరీక్ష ముందు పిల్లల సమయం పాడుచేస్తున్నారని కొందరు తల్లిదండ్రులు అన్నారు. పరీక్ష అయ్యాక మొదలుపెడితే ఆధార్ సవరణకు వ్యవధి చాలదని వారికి నచ్చజెప్పాం.

ఎనిమిదింటికి రమ్మంటే ఏడున్నరకే కొండాపురం వైపు నుంచి ఆటోలు వచ్చాయి. పత్రాలను బట్టల దుకాణం వారిచ్చే చీర కవర్లలో భద్రంగా పెట్టుకుని తెచ్చారు. ఒక తండ్రి కూతురి పదో తరగతి మార్కుల జాబితాను ముచ్చటపడి లామినేషన్ చేయించాడు. ఒరిజినల్ మీద సంతకం, ముద్ర అసలువో కావో పరీక్షించే వీలుండదు కాబట్టి సర్టిఫికెట్లు లామినేషన్ చేయించకూడదని చెప్పగానే ఆయన ముఖం చిన్నబోయింది. కలిగిరి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి పేరు ‘శ్రీ’తో మొదలవుతుంది. పదో తరగతి జాబితాలో ఆ అక్షరాన్ని ఇంగ్లిషులో రెండు ‘ఈ’లతో, ఆధార్‌లో ఒక ‘ఐ’తో రాశారు. ఇంటిపేరు ఒక చోట ముందు, ఇంకో చోట వెనుక. బ్యాంకు ఖాతాలో ఇంటిపేరే లేదు. మూడు పత్రాల్లో ముగ్గురు అమ్మాయిలన్న మాట. ఫీజు రీయింబర్స్‌మెంటు దరఖాస్తు ఇక్కడే ఆగిపోతుంది. పదో తరగతి జాబితానే ఆధారంగా చూపి ఆధార్ సరిచేయించుకోవాలి, ఆ తర్వాత బ్యాంకుకు వెళ్లి ఖాతాలో పేరు మార్పించుకుని, ఆధార్ అనుసంధానం, ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ప్రభుత్వ సొమ్ము ఏ ఖాతాలో పడాలో చూపే నమోదు) అయ్యాయో లేదో అడగాలి. ఈ వరుస కాగితం మీద రాసి ఇచ్చాం. వరుస తప్పితే మళ్లీ మొదటికొస్తుంది. ఆ అమ్మాయి తల్లి కాగితాన్ని చదివించుకుని, మళ్లీ ఒకసారి చదివించుకుని, మడిచి కొంగున ముడి వేసుకుంది.

మధ్యాహ్నానికి తేలింది ఏమిటంటే, ఏ లోపమూ లేని పత్రాలు తెచ్చినవారు చాలా తక్కువ. ఆరు నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు కావాలి. మధ్యలో మూతపడిన ప్రైవేటు బడిలో రెండేళ్లు చదివిన పిల్లవాడు ఎవరి దగ్గర తెచ్చుకోవాలి? అలాంటి వారిని మండల విద్యాశాఖాధికారి కార్యాలయానికి పంపాం. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడిన ఓసీల) ధ్రువపత్రాలు తెచ్చిన వారిలో కొందరివి మార్చి 31కి ముందు తీసుకున్నవి, కొత్త సంవత్సరానికి చెల్లవు. మీసేవ నడిపే మన సభ్యుడు ఒక మూలన లాప్‌టాప్ పెట్టుకుని అక్కడికక్కడే దరఖాస్తులు నమోదు చేశారు. ఆయన ఆ రోజు మంచినీళ్లు తాగడం కూడా నేను చూడలేదు.

ఆప్షన్ల బల్ల దగ్గర కూర్చున్నది నెల్లూరులో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్న మన ఊరి అమ్మాయి. ఆమె పద్ధతి నాకు బాగా నచ్చింది. కంప్యూటర్ తెరవనివ్వదు. ముందు తెల్లకాగితం మీద కళాశాల కోడు, బ్రాంచి కోడు, హాస్టలు ఉందా, బస్సు ఎంత దూరం, గతేడాది చివరి ర్యాంకు ఎంత అన్నీ రాయమంటుంది. తనకు రాబోయే ర్యాంకుకు రాదనుకున్న కళాశాలను కిందికి తోసి, వస్తుందనుకున్నదాన్ని పైన పెట్టాడొక కుర్రాడు. ‘నీకు కావాల్సింది ముందు పెట్టు. వస్తుందా రాదా అన్నది కంప్యూటర్ చూసుకుంటుంది. పైది వస్తే కిందివాటిని చూడదు, పైది రాకపోతే నీకేమీ నష్టం లేదు. భయపడి ఇష్టం లేనిది పైన పెట్టావనుకో, అదే వచ్చి కూర్చుంటుంది,’ అంది. ఇరవై ఏళ్లుగా సదస్సుల్లో పెద్దలు చెప్పలేకపోయింది ఆ పిల్ల నాలుగు మాటల్లో చెప్పింది. సాయంత్రం దాకా లేవలేదు. పులిహోర పొట్లం విప్పకుండా పక్కనే ఉండిపోయింది. ఆమెకు శాలువా కప్పుదామన్నారు మన ఉపాధ్యక్షులు. ఆమె శాలువా బదులు ప్రింటర్ కాగితాల కట్టలు అడిగింది, ఇచ్చాం.

రానివారి గురించి

వాలంటీర్లుగా పేరిచ్చిన వారి జాబితా నా దగ్గరుంది. వాట్సాప్ గ్రూపులో ప్రకటన పెట్టగానే బొటనవేళ్లు, నమస్కారాలు, పూలగుత్తులు వెల్లువెత్తాయి. ఆదివారం ఉదయం మండపంలో చూస్తే కార్యవర్గం, మహిళా విభాగం, డిగ్రీ, బీటెక్ చదివే కొందరు పిల్లలు తప్ప మిగతా వారెవరూ కనబడలేదు. ఒకరికి పెళ్లి, ఒకరికి గృహప్రవేశం. ఒకరేమో ఎండ ఎక్కువగా ఉందన్నారు. ఎండ నెల్లూరు జిల్లాకు కొత్తా? బెంగళూరు, హైదరాబాదుల్లో స్థిరపడిన మన పూర్వ విద్యార్థులు వీడియో ద్వారా పిల్లలతో మాట్లాడతామన్నారు. తెర కట్టాం, స్పీకర్లు పెట్టాం. ఒకరు మీటింగులో ఉన్నానని సందేశం పంపారు, మరొకరి ఫోను మోగుతూనే ఉంది. చందాలు పంపడంలో వీరు ఎన్నడూ వెనకాడలేదు, అందుకు సంఘం రుణపడి ఉంది. అయితే పిల్లవాడి పక్కన కూర్చుని దరఖాస్తు నింపించడానికి చందా పనికిరాదు, మనిషి కావాలి.

కంప్యూటర్ల కోసం ఒక ప్రభుత్వ విద్యాసంస్థకు జనవరిలోనే లేఖ ఇచ్చాం. పైఅధికారి అనుమతి కావాలన్నారు. పైఅధికారిని కలిస్తే కింది నుంచి ప్రతిపాదన రావాలన్నారు. ఇద్దరి మధ్య మన లేఖ ఏ బీరువాలో నిద్రపోతోందో ఇప్పటికీ తెలియదు. కార్యక్రమానికి వచ్చి తల్లిదండ్రుల సందేహాలు తీరుస్తామన్న మరో అధికారి మధ్యాహ్నం దాకా వస్తున్నామని చెప్పి, ఆఖరికి డ్రైవరు చేత కబురు పంపారు. పేర్లు రాయను, వారితో మళ్లీ పని ఉంటుంది.

మిగతా కార్యక్రమాలు

బైపీసీ పిల్లలకు నీట్ తప్ప వేరే దారి కనబడదు. రాకపోతే మళ్లీ ఒక ఏడాది, ఆపై మళ్లీ. అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటల మీద బతికే ఇళ్ల పిల్లలకు కూడా ముత్తుకూరులో మత్స్యశాస్త్ర కళాశాల 1991 నుంచి ఉందని తెలియదంటే ఏమనాలి? ఈఏపీసెట్ బైపీసీ ర్యాంకుతోనే అందులో నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీలో సీటు వస్తుంది. డిసెంబరులో ఒక బస్సు కట్టి పిల్లల్ని తీసుకెళ్లాం. నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున ఎందుకు పడిపోతుందని అక్కడి అధ్యాపకులు అడిగితే, మన వాళ్లలో ఒక కుర్రాడు ‘రాత్రంతా పాచి కూడా ఆక్సిజన్ పీలుస్తుంది సార్, అందుకే మా నాన్న మూడింటికి ఏరేటర్లు వేస్తాడు’ అన్నాడు. అధ్యాపకులు అతన్ని ముందు వరసలోకి పిలిచి కూర్చోబెట్టుకున్నారు. కౌంటు, సీడు, వైట్‌స్పాట్ అని ఇంట్లో రోజూ వినే మాటల వెనక ఒక శాస్త్రం ఉందని, దానికి పట్టా ఇస్తారని ఆ రోజే వాడికి తెలిసింది. తిరుగు ప్రయాణంలో కృష్ణపట్నం ఓడరేవు బయటి నుంచి చూశాం, లోపలికి అనుమతి దొరకలేదు. ఓడ ఉద్యోగాలంటూ డబ్బు గుంజే ఏజెంట్లు మన తీరంలో తిరుగుతున్నారు కాబట్టి, ఏ శిక్షణ సంస్థకైనా కేంద్ర నౌకాయాన డైరెక్టరేట్ (డీజీ షిప్పింగ్) ఆమోదం ఉందో లేదో చూడాలని, డిగ్రీ స్థాయి కోర్సులకు ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష ఉందని బస్సులోనే చెప్పాం.

పదో తరగతి పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి ఒంగోలు ట్రిపుల్ ఐటీ మీద ఆసక్తి కలిగింది. 2016లో మొదలైన ఆ ప్రాంగణంలో ఆరేళ్ల చదువు, మార్కుల ఆధారంగా సీటు, ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు 4 శాతం అదనం. అమ్మాయిని హాస్టలుకు పంపేది లేదని ఒక ఇంట్లో పట్టుబట్టారు. మహిళా విభాగం వారు రెండు సాయంత్రాలు ఆ ఇంటి అరుగు మీద కూర్చున్నారు. చివరికి తాతగారు ఒప్పుకున్నారు, తండ్రి ఇంకా ఆలోచిస్తున్నారు. గూడూరులోని ప్రభుత్వ సిరామిక్ టెక్నాలజీ డిప్లొమా గురించి, పాలిటెక్నిక్ తర్వాత ఈసెట్ ప్రవేశ పరీక్షతో నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరడం గురించి కరపత్రం వేశాం. సీఈసీ, ఎంఈసీ పిల్లలకు సీఏ ఫౌండేషన్ పరీక్ష 2024 నుంచి ఏడాదికి మూడుసార్లు జరుగుతోందని చెప్పినవారు కావలిలో ప్రాక్టీసు చేస్తున్న మన ఆడిటరు గారు. ఆయన పన్నుల గడువు దగ్గరపడ్డ రోజుల్లో కూడా వచ్చారు.

విద్యారుణాల మీద మన కోశాధికారి గారు ఇచ్చిన వివరణ ఈ ఏడాది రెండో మంచి కార్యక్రమం. బ్యాంకులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసిన మనిషి, కౌంటరుకు అటు వైపు సంగతులన్నీ తెలుసు. నాలుగు లక్షల వరకు హామీదారు, మార్జిన్ (మనం పెట్టుకోవలసిన వాటా) లేకుండా రుణం ఇస్తారని, కోర్సు ముగిసి మరో ఏడాది గడిచాక వాయిదాలు మొదలవుతాయని, ఈలోగా వడ్డీ మాత్రం ఆగదని విడమరిచి చెప్పారు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో హామీ, తాకట్టు లేకుండా రుణం వస్తుంది, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. అయితే ఎంపిక చేసిన విద్యాసంస్థలకే (పథకం ఆమోదించినప్పుడు 860) ఇది వర్తిస్తుంది. చేరబోయే కళాశాల ఆ జాబితాలో ఉందా అని చూడకుండా, ‘ప్రధానమంత్రి లోను వస్తుందట’ అని డొనేషను కట్టేయకండని ఆయన గట్టిగా హెచ్చరించారు. బ్యాంకు వారు ఏ కారణంతో తిప్పి పంపినా ఆ కారణాన్ని రాతపూర్వకంగా అడగమన్నారు. రాతపూర్వకం అనగానే సగం కారణాలు మాయమవుతాయట.

ఫీజు బకాయి ఉందని ఒక కళాశాల మన ఊరి కుర్రాడి ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంది. అతనికి వేరే చోట ఉద్యోగం వచ్చింది, చేరే తేదీ ముంచుకొస్తోంది. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2016లోనే ఇచ్చిన ఆదేశం ప్రతిని చేతపట్టుకుని అధ్యక్షులు, నేను వెళ్లాం. వాదించలేదు. ప్రతిని బల్ల మీద పెట్టి, రసీదు సంతకం చేయమన్నాం. సర్టిఫికెట్లు మర్నాడు వచ్చాయి.

డిగ్రీ చేతికొచ్చిన పిల్లల కోసం పెట్టిన సమావేశం పల్చగా జరిగింది. డబ్బు కట్టించుకుని ఉద్యోగం ఇస్తామనే కన్సల్టెన్సీలు, బాండు కాగితం చదవకుండా సంతకాలు, ఉద్యోగం మారినా మారని పీఎఫ్ యూఏఎన్ నంబరు, కేంద్రం నడిపే నాట్స్ పోర్టల్‌లో అప్రెంటిస్‌షిప్ నమోదు, గల్ఫ్‌కు వెళ్లేవారు ఏజెంటు రిజిస్ట్రేషన్ కేంద్ర విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవడం, ఇవి చర్చించాం. వచ్చినవారు శ్రద్ధగా విన్నారు. రావలసినవారు గ్రూప్స్ కోచింగ్‌లోనో, క్రికెట్ మ్యాచ్ దగ్గరో ఉన్నారు.

దీనికి పూర్తి విరుద్ధంగా, మహిళా విభాగం ‘హాస్టలుకు వెళ్లే ముందు’ అని పెట్టిన వంట శిక్షణకు కుర్రాళ్లు కిక్కిరిసి వచ్చారు. మొదట గోడకు ఆనుకుని నవ్వుకున్నారు. కుక్కరు మూత గ్యాస్కెట్టు ఎక్కడుంటుందో చూపమంటే ఒక్కడూ చూపలేదు. బియ్యానికి ఎసరు కొలత, పప్పుకు ఎన్ని కూతలు, చారు పొంగాక ఎప్పుడు దించాలి, స్టవ్ ఆపాక సిలిండరు రెగ్యులేటరు ఎందుకు కట్టాలి, ఇవన్నీ చేయించారు. ‘ఆంటీ, చేపల పులుసు నేర్పరా?’ అని ఒకడు అడిగితే, ‘ముందు అన్నం మాడకుండా వండు నాయనా, పులుసు సంగతి సంక్రాంతికి చూద్దాం’ అన్నారు మన సంయుక్త కార్యదర్శి గారు. అన్నం ఉడికే లోపు మిగతావి చెప్పేశాం: ఆన్‌లైన్ మోసం జరిగితే వెంటనే 1930, మనసు బాగోలేకపోతే టెలిమానస్ 14416, ర్యాగింగ్‌పై మన రాష్ట్రంలో 1997 నుంచే చట్టం ఉందని, ఓటరుగా నమోదుకు ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలు ఉన్నాయని. రుణ యాప్‌ల గురించి చెప్పినప్పుడు వెనక వరసలో ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత విడిగా మాట్లాడాం.

ఖాతాలు

ఆదాయ వ్యయాల పట్టిక ఆడిటరు గారి సంతకంతో ఈ నివేదికకు జతచేశాం. చందాలు, విరాళాలు ఆదాయం. బస్సు కిరాయి, ముద్రణ, ప్రింటరు, భోజనాలు ప్రధాన వ్యయం. చేతిలో స్వల్ప నిల్వ ఉంది. భోజనాల పద్దు మీద ప్రశ్నలు వస్తాయని తెలుసు, బిల్లులు కోశాధికారి గారి దగ్గర ఉన్నాయి, చూడవచ్చు. పాత చందా బకాయిలు ఉన్నవారు తమంతట తామే కట్టేస్తే జాబితా చదివే అవసరం రాదు.

వచ్చే సంవత్సరానికి

కౌన్సెలింగ్ సహాయ కేంద్రం ఈసారి సాయంత్రాలు కూడా తెరిచి ఉంచాలని కార్యవర్గం తీర్మానించింది. పత్రాల ఆదివారాన్ని మేలో కాకుండా ఫిబ్రవరిలో, పిల్లలు ఇంకా కళాశాలలోనే ఉండగా జరపాలని నా ప్రతిపాదన. పేర్ల తేడాలు సరిచేసుకోవడానికి అప్పుడు మూడు నెలలు దొరుకుతాయి. ఎండ సాకు కూడా ఉండదు. వింజమూరులో రెండో కేంద్రం పెట్టాలని అక్కడి సభ్యులు కోరుతున్నారు. గది ఉంది, బల్లలు ఉన్నాయి, కూర్చునేవారు కావాలి.

ఈ సమావేశంలో వాలంటీర్ల నమోదు పుస్తకం గుమ్మం పక్క బల్ల మీద ఉంటుంది. పేరుతో పాటు ఏ రోజు, ఏ గంట నుంచి ఏ గంట వరకు రాగలరో రాసి సంతకం చేయాలి. ఫోనులో చెప్పినవి, గ్రూపులో పెట్టినవి లెక్కలోకి తీసుకోము. బీటెక్, డిగ్రీ చదివే పిల్లలు మొదటి పేజీ నింపేశారు. రెండో పేజీ నుంచి పెద్దలకు ఖాళీగా ఉంది. భోజనాల వరుస ఆ బల్ల దాటాకే మొదలయ్యేట్టు కుర్చీలు వేయించాను.

ఇట్లు,
కార్యదర్శి